పందొమ్మిదేండ్ల పెద్ద

పుట్టినింటిని విడిచి, ఎఱుగని యూరిలో, ఎఱుగని మనుష్యుల నడుమ నూతన జీవనము నారంభించుట యెట్టిదో స్త్రీలకు ఒకరు చెప్పనక్కఱలేదు. అత్తవారింట తొలినాడు ఉప్పుజాడీ యెక్కడ నున్నదో తెలియదు. ఎవరిని ఏ వరుసతో పిలువవలెనో తెలియదు. పులుసులో బెల్లము వేయుదురో వేయరో తెలియదు. అడిగిన నవ్వుదురేమో యని భయము. అడుగకున్న పొరపాటు జరుగునేమో యని భయము. రాత్రి దీపమార్పిన పిమ్మట కన్నతల్లి జ్ఞప్తికి వచ్చును. ఇదంతయు మన మనుభవించినదే. ఈ యనుభవమే పందొమ్మిదేండ్ల మగపిల్లవానికి, అందును ఏడు సముద్రముల కావల పుట్టినవానికి, మన గోదావరి తీరమున కలిగినచో నెట్లుండును? ఆ సంగతినే ఈ మాసము సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

రాజమహేంద్రవరపు వీధులలో అప్పుడప్పుడు ఇద్దరు యువకులు జంటగా నడచిపోవుట మనలో కొందరు చూచియే యుందురు. తెల్లని చొక్కా, మెడకు టై, జేబుపై చిన్న నల్లని పేరుపలక. వారిలో నొకడు మన దేశపు బాలుడే కావచ్చును. రెండవవాడు ఎఱ్ఱని మొగముతో, చెమటలు కారుచు, కనబడిన ప్రతివారికిని చేతులు జోడించుచు పోవు అమెరికా బాలుడు కావచ్చును. వీరు మోర్మను సంఘపు ప్రచారకులు. ఆ సంఘముయొక్క పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మోర్మను అనునది లోకులు పెట్టిన వాడుక పేరనియు, పూర్తి పేరుననే తమ్ము పిలువుమనియు 2018 నుండి వారు గట్టిగా కోరుచున్నారు. సౌలభ్యము కొఱకు ఈ వ్యాసమున పాత పేరే వాడుచున్నాము.

ఈ సంఘమును 1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ అను యువకుడు స్థాపించెను. బైబిలుతోపాటు మోర్మను గ్రంథ మనుదానినిగూడ వీరు పవిత్రగ్రంథముగా నెంచెదరు. 1844లో స్మిత్ అల్లరిమూకల చేతిలో మరణింపగా, బ్రిగం యంగ్ అనునాతడు నాయకుడై, 1847లో అనుచరులను పడమటి యెడారికి గొనిపోయి సాల్టులేకు నగరమును నెలకొల్పెను. వారచ్చట చేసిన మొదటి పనులలో నొకటి, కొండవాగుల నీటిని కాలువలుగా మరల్చి పైరు పెట్టుట. ఆ 1847లోనే మన ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్ట పని నారంభించెను. 1852లో అది పూర్తియయ్యెను. ఒక యెడారియు, ఒక డెల్టాయు ఒకే కాలమున కాలువలచేత బ్రదుకనేర్చినవి. ఆ యెడారి మనుమలు నేడు ఈ డెల్టాకు వచ్చుట చూడగా మాకీ సంగతి తలపునకు వచ్చినది.

ఈ మతముపేరు చెప్పగనే చదువుకొన్న సోదరీమణులు 'వారిలో బహుభార్యాత్వము కలదట కదా' యని యడుగుదురు. ఒకప్పుడుండిన మాట నిజము. 1890లో ఆ సంఘాధ్యక్షుడు ప్రకటనపూర్వకముగా దానిని మానిపించెను. మఱియొక సంగతియు స్త్రీలు తెలిసికొనదగినది. 1842లోనే వీరి స్త్రీలు 'రిలీఫ్ సొసైటీ' యను సేవాసమాజము నేర్పఱచుకొనిరి. యూటా రాష్ట్రప్రాంతపు స్త్రీలకు 1870లోనే ఓటుహక్కు లభించెను. ఆ హక్కును 1887లో అమెరికా కాంగ్రెసు తీసివేయగా, వారు పోరాడి 1896లో మరల సంపాదించుకొనిరి. ఒక సమాజమునుగూర్చి ఒక్క మాట విని తీర్పు చెప్పరాదనుటకు ఇది చాలును.

ఇక మన బాలుని సంగతి. 2012 వఱకు మగపిల్లలు 19 ఏండ్లకు, ఆడుపిల్లలు 21 ఏండ్లకు ఈ ప్రచారసేవకు పోవుటకు అర్హులుగా నుండిరి. ఆ యేడు ఆ వయస్సులను 18కిని, 19కిని తగ్గించిరి. మగపిల్లలకు రెండేండ్లు, ఆడుపిల్లలకు ఏడాదిన్నర ఈ సేవాకాలము. ఎచ్చటికి పోవలెనో కోరుకొను హక్కు వారికి లేదు. ఉత్తరము వచ్చును, అందు పేరు వ్రాసిన దేశమునకు పోవలెను. అది బ్రెజిలు కావచ్చును, జపాను కావచ్చును, ఆంధ్రదేశము కావచ్చును. జీతము లేదు సరిగదా, ఖర్చు తామే భరింపవలెను. 2020 జులై నుండి అమెరికా యువకులకు నెలకు 500 డాలర్లు నిర్ణయమైనది. ఎచ్చటికి పంపబడినను అంతే. పిల్లవాడు చిన్ననాటినుండి కూడబెట్టుకొన్నదో, తలిదండ్రులు పొదుపుచేసినదో అందులకు వ్యయమగును.

ఈ బాలునకు వారిచ్చు బిరుదము 'ఎల్డర్'. అనగా 'పెద్ద' యని యర్థము! మీసమైనను సరిగా మొలవని పిల్లవాని యింటిపేరుకు ముందు 'పెద్ద' యని చేర్చి, రెండేండ్లు అదే పేరున పిలిచెదరు. తల్లి పెట్టిన పేరు ఆ రెండేండ్లును వినబడదు. మన యిండ్లలో కోడలికి అత్తవారు మఱియొక పేరు పెట్టు ఆచార మొకప్పుడు కొన్ని యెడల నుండెడిది. పాత పేరు పెట్టెలో పెట్టి తాళము వేసినట్లుండెడిదని మా నాయనమ్మ చెప్పెడిది. ఆ 'పెద్ద'కును అట్లే యుండునేమో.

అతడొంటరిగా నెచ్చటికిని పోరాదు. ఎల్లప్పుడు మఱియొక ప్రచారకుడు తోడుండవలెను. ఆ తోడును తానెంచుకొనడు, పైవారు నిర్ణయింతురు. ఇద్దరకు రుచులు కలియకపోవచ్చును, భాష కలియకపోవచ్చును, ఒకడు గురక పెట్టువాడు కావచ్చును. అయినను కలిసియే లేవవలెను, కలిసియే చదువవలెను, కలిసియే వండుకొనవలెను. కొన్ని వారములకొకమారు మార్పు లుండును. వీధివారు ఒక మొగమునకు అలవాటు పడునంతలో అతడు వేఱొక యూరికి పోవును. క్రొత్త మొగము వచ్చును. వారమున కొకనాడు మాత్రము బట్టలుదుకుకొనుటకు, సరకులు కొనుటకు, ఇంటికి జాబు వ్రాయుటకు విరామము. పరిచయము చేయని సుఖ మొక్కటే, ఆ కాలమున ప్రేమవ్యవహారములకు తావులేదు. కావున తల్లికి ఆ చింతయైనను తప్పినది.

ఈ సంఘమువారు మన దేశమునకు వచ్చుట క్రొత్త గాదు. 1853లోనే రిచర్డు బాలంటైన్ అనునాతడు మఱికొందఱితో మద్రాసున దిగి, కరపత్రములు ముద్రించి ప్రచారము చేయ యత్నించెను. ఫలము స్వల్పము, ఏడాది దాటుసరికి ఆతడు వెడలిపోయెను. కలకత్తా, బొంబాయి ప్రాంతములకు వచ్చినవారి గతియు నట్లే యయ్యెను. తెలుగువారి నడుమ ఆ సంఘము వేరూనినది నూఱేండ్లకు పైబడిన పిమ్మట. అదియు దొరలచేత గాదు. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అను తెలుగు దంపతులు పసిఫికు సముద్రములోని సమోవాలో నుండగా ఆ మతమున జేరి, 1978 డిసెంబరులో హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధించిరి. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు బోధకులు. ఆయనయే మోర్మను గ్రంథమును తెలుగున కనువదించిరి. దానిలోని యెంపికచేసిన భాగములు 1982లో అచ్చయినవి. 1993లో బెంగుళూరు కేంద్రముగా ప్రచారమండల మేర్పడినది. 2012లో హైదరాబాదున, మన దేశమునకెల్ల మొదటిదిగా, అనేక శాఖలను కూర్చిన పెద్ద విభాగము నేర్పఱచిరి. రాజమహేంద్రవరమునను వారి శాఖ వెలసినది. చూడుడు, సముద్రములు దాటి వచ్చిన బోధకులకు పొసగని పని, ఒక ఆడుపడుచు పుట్టింటికి వచ్చి చేయగా పొసగినది. మాట కెంత బలమున్నను, అది బంధుత్వపు త్రోవను వచ్చినప్పుడే ఇంటిలోనికి పోవును.

అట్టి యూరికి క్రొత్తగా వచ్చిన పరదేశి బాలుని మొదటి మాసము లెట్లుండునో యూహింపుడు. యూటా గాలి పొడిది; అచ్చట చలికాలమున మంచు కురియును. మన రాజమహేంద్రవరపు వైశాఖమున వడగాలియు, ఉక్కయు కలిసి వచ్చును. బొత్తాములు పెట్టుకొన్న చొక్కా వీపున కంటుకొనును. ఎదుట గోదావరి నిండుగా నుండును. పుష్కరఘట్టమున పిల్లలు దూకి యీదుచుందురు. ఈ బాలునకు దిగుట కధికారము లేదు. ప్రచారసేవ చేయు కాలమున ఈత వీరికి నిషిద్ధము. గట్టున నిలిచి చూడవలెను. నియమ మనునది దూరమునుండి వినుటకు సులభము. మండుటెండలో నదియొడ్డున నిలిచినప్పుడు దాని బరువు తెలియును.

పిదప భాష. ఆదికవి నన్నయ భారతమును తెనిగించిన యూరికి తెలుగు రాకుండ వచ్చుట సాహసమే. ఇంగ్లీషున అందఱికిని ఒకటే 'నీవు'. ఇచ్చట పాలవాని నెట్లు పిలువవలెను, పంతులుగారి నెట్లు పిలువవలెను, ముసలమ్మ నెట్లు పిలువవలెను, అన్నియు వేఱు. 'అండి' చేర్పకున్న అమర్యాద. పసిపిల్లవానికి చేర్చిన నవ్వు. ఇంగ్లీషున 'నో' యనునది యొక్క మాట. మనకు 'లేదు' వేఱు, 'కాదు' వేఱు, 'వద్దు' వేఱు. ఈ మూడింటి భేదము తెలియుటకే పరదేశికి చాల దినములు పట్టును. అందును 'వద్దు' అను మాటను ఎదుటివారి మనస్సు నొవ్వకుండ పలుకుట మనలోనే చాలమందికి చేతగాదు.

ఇది మా యింటనే ఒకనాడు కండ్లార చూచితిమి. మా వారు ఉపాధ్యాయులు. వారి పూర్వశిష్యుడొకడు ఆ సంఘమున జేరినవాడు. గురువుగారిని చూచిపోవ వచ్చుచు ఇద్దరు 'పెద్ద'లను వెంటబెట్టుకొని వచ్చెను. ఒకడు అమెరికా బాలుడు. రెండవవాడు విశాఖపట్టణపు వాడు. గుమ్మమువద్ద చెప్పులు విడువవలెనని అమెరికా బాలునకు అప్పటికే తెలిసియుండెను. ముడులు బిగిసిన బూట్లు విప్పుటకు మాత్రము అయిదు నిముషములు పట్టినది. మా యత్తగారు పెద్దవారు. ఇంటికి వచ్చినవాడెవడైనను కాఫీ పుచ్చుకొనకుండ పోవుట వారికి గిట్టదు. అప్పటికప్పుడు డికాక్షను తీసి, చిక్కని పాలు పోసి, నురుగుతో మూడు గ్లాసులు తెచ్చి యెదుట పెట్టిరి. అమెరికా బాలుని మొగము వెలవెలబోయినది. వారి మతమున కాఫీ, టీ, పొగాకు, మద్యము నిషిద్ధములు. 1833 నుండి వచ్చిన నియమ మది. అతడు చేతులు జోడించి, 'లేదండి' యనెను. అత్తగారికి అర్థము కాలేదు. 'ఏమి లేదు నాయనా? చక్కెరా?' అని యడిగిరి. మరల నతడు 'కాదండి' యనెను. అత్తగారి మొగము చిన్నవోయెను. మన యింటి కాఫీ యేమి తప్పు చేసినదని వారి బాధ.

అప్పుడు విశాఖ బాలుడు, "మామ్మగారూ, మేము కాఫీ టీలు తాగమండీ. మా నియమం. ఏమీ అనుకోకండి. మజ్జిగైతే పుచ్చుకుంటాం" అనెను. నియమ మన్న మాట చెవిని బడగనే అత్తగారి మొగము విప్పారినది. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ! నియమమైతే నియమమే. నేనూ ఏకాదశినాడు మెతుకు ముట్టను" అని, వంటింటిలోనికి పోయి, అల్లము, కరివేపాకు, ఉప్పు వేసి చల్ల తెచ్చిరి. అమెరికా బాలుడు రెండు గ్లాసులు త్రాగెను. పోవునప్పుడు మా వారి శిష్యుడు, 'వద్దండి' యను మాటను అతనిచేత నాలుగుమారులు చెప్పించుట వింటిమి.

ఆ చల్ల త్రాగుచున్నప్పుడే అతడు తన సంచిలోని పుస్తకము బయటికి తీయబోయెను. అత్తగారు చేయి చూపి, "మాకు మా రాముడున్నాడు నాయనా. అది వద్దు. మీ అమ్మ సంగతి చెప్పు" అనిరి. 'వద్దు' 'అమ్మ' అను రెండు మాటలును అతనికి తెలిసినవి. పుస్తకమును సంచిలో పెట్టి, తల్లి ఛాయాపటము తీసి చూపెను. ఒకరి కాఫీ ఒకరు కాదనిరి, ఒకరి పుస్తకము ఒకరు కాదనిరి. ఎవ్వరి మనస్సును నొవ్వలేదు. తగవు లేకుండ రెండు 'వద్దు'లు ఒకే గదిలో నిలుచుట ఆనాడు చూచితిమి.

తల్లి మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. 2019 ఫిబ్రవరి వఱకు ఈ ప్రచారకులు ఇంటికి ఫోను చేయుటకు సామాన్యముగా ఏడాదికి రెండు దినములే యనుమతి యుండెను: క్రిస్మసునాడు ఒకమారు, మాతృదినోత్సవమున నొకమారు. మిగిలిన దినములందు వారమున కొక జాబు. రెండేండ్లలో కన్నకొడుకు గొంతు నాలుగుమారులు వినుట! ఆ నాలుగుమారులును ఆ తల్లి గంటలముందే ఫోనువద్ద కూర్చుండి యుండును గదా. మనవారిలో పిల్లలను అమెరికాకు చదువులకు పంపిన తల్లులు ఈ డెల్టాలో నూరూరను కలరు. వారికి ఈ బాధ చెప్పనక్కఱలేదు. 2019లో ఆ నియమమును సడలించి, విరామదినమున వారమున కొకమారు ఇంటివారితో మాటాడుకొనుట కనుమతించిరి. ఎందఱు తల్లులు ఆనాడు దీపము వెలిగించిరో! మఱి 2020 మార్చిలో కరోనా మహమ్మారి వ్యాపింపగా, వేలకొలది ప్రచారకులను వారివారి దేశములకు మరలించిరి. సగము నేర్చిన భాషయు, సగము కుదిరిన స్నేహములును ఎక్కడివక్కడ విడిచి వారు విమాన మెక్కవలసి వచ్చినది.

పెద్దనార్యుని మనుచరిత్రమును చదివినవారికి ప్రవరుడు జ్ఞప్తికి వచ్చును. ఇంటి గడప దాటని గృహస్థు, అతిథిగా వచ్చిన సిద్ధుని మాటలకు దేశములు చూడ ముచ్చటపడి, కాలికి పసరు పూసికొని హిమాలయమునకు పోయెను. పసరు కరగిన పిదప ఇల్లు చేరు దారి లేక పరితపించెను. అతనిని నిలిపినది ఏది? తన నియమము. ఈ బాలునకును తన నియమమే తోడు. ఉదయము నిర్ణీతకాలమున లేచుట, చదువుట, నడచుట, రాత్రి నిర్ణీతకాలమున పరుండుట: ఈ కట్టడులు చూచువారికి చెఱసాలవలె దోచును, ఇల్లు విడిచినవానికి అవియే యిల్లు. మన కోడండ్రకు తెల్లవారి ముగ్గువేయు పని యట్టిదే కదా. మనస్సు పుట్టింట నున్నను చేతికి పని యున్నయెడల దినము గడచును.

ఇట్లు క్రైస్తవబోధకై ఈ డెల్టాకు వచ్చి కాపురముండిన యువజనులు వీరే మొదటివారు కారు. 1836లో, అనగా ఆనకట్టకు పూర్వము, ఆంథొని నోరిస్ గ్రోవ్స్ అను దంతవైద్యునితో కలిసి ఇంగ్లండునుండి రెండు యువదంపతుల జంటలు మద్రాసున దిగినవి. విలియం బౌడన్ రాతిపనివాడు; జార్జి బీర్ చెప్పులు కుట్టువాడు. ఇద్దరును బార్న్‌స్టేపుల్ అను పట్టణమువారు. వారు మచిలీపట్టణము చేరి, పిమ్మట నరసాపురమునను, పాలకొల్లునను నెలకొనిరి. వెనుకనుండి జీతమిచ్చు సంఘము లేదు. సూయజు కాలువ 1869లో గాని తెఱవబడలేదు. కావున తెరచాప యోడలో ఆఫ్రికా చుట్టి మాసములకొలది వచ్చినవారు. జాబు వ్రాసి ప్రత్యుత్తరము కొఱకు ఏడాది కనిపెట్టవలసిన కాలము. బ్రౌను దొర నిఘంటు వింకను వెలువడలేదు. అది 1852లో వచ్చినది. వారు వచ్చిన మూడేండ్లకే 1839లో కోరంగి రేవును తుపాను ముంచివేసినది. అట్టి దినములలో ఆ యిద్దరు స్త్రీలు పెనుగాలికి, జ్వరములకు, పేదఱికమునకు నోర్చి, ఇరుగుపొరుగువారి నోటనే తెలుగు నేర్చుకొని కాపురములు చేసిరి. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టుచున్న కాలమున అచ్చటి కూలివారి నడుమనుగూడ ఆ బోధకులు పనిచేసిరి.

1899లో డాక్టరు లిడియా వర్నర్ అను అమెరికా యువతి లూథరను సంఘము పక్షమున రాజమహేంద్రవరమునకు వచ్చి స్త్రీలకును, పసిబిడ్డలకును వైద్యము చేసెను. మగవైద్యునికి చేయి చూప సిగ్గుపడి ప్రాణములమీదికి తెచ్చుకొను స్త్రీ లెందఱో యున్న కాలమది. ఆమె మతమున జేరినవారు కొందఱు, చేరనివారు పెక్కండ్రు. కాని నొప్పులు పడు కూతురికి మందిచ్చిన చేతిని ఏ తల్లియు మఱవజాలదు.

ఆ పూర్వులకును, నేటి బాలునకును భేదము కలదు. వారు బ్రదుకంతయు ఇచ్చట గడపవచ్చిరి. ఇతడు రెండేండ్లకే వచ్చెను. వారు రోగిని ముట్టిరి, బడి పెట్టిరి, భాషను లోతుగా నేర్చిరి. ఇతనికి అంత వ్యవధి లేదు. ఊరు అంతుపట్టునప్పటికి పెట్టె సర్దుకొనవలెను. అందుచేత ఇతడు మన కేమి నేర్పగలడని యడుగుటకంటె, మనమితని నెట్లు చూడవలెనని యడుగుట మేలని మాకు దోచుచున్నది.

ఇచ్చటనే చిక్కు కలదు. అతడు వట్టి యతిథి కాడు. తన మతమును మనకు చెప్పవచ్చినవాడు. ఆ మాట దాచుట పాడి కాదు. ఒక కుటుంబములో నొకరు మతము మారిన, పెండ్లిండ్లు, తద్దినములు, పండుగలు, ఆడపిల్లల రాకపోకలు అన్నియు కదలిపోవును. ఆ కన్నీరు స్త్రీలే యెక్కువగా కార్తురు. కావున కొందఱు తల్లులు అట్టివారిని చూడగనే తలుపు వేయుదురు. వారిని మేము నిందింపము. కాని తలుపు వేయుటకును, తిట్టుటకును, వీధిపిల్లలచేత రాళ్లు వేయించుటకును చాల దూరమున్నది.

మన రాజ్యాంగముయొక్క 25వ అధికరణము ప్రతివారికిని తమ మతమును అవలంబించుటకును, ప్రచారము చేసికొనుటకును హక్కు నిచ్చినది. ఆ హక్కు మాట చెప్పుకొను హక్కే గాని, ఎదుటివానిని మతము మార్చు హక్కు గాదని 1977లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. అనగా చెప్పుట అతని వంతు. వినుటయో మానుటయో మన వంతు. ఆ సంఘపు కట్టడులలోను, మైనరు పిల్లలకు తలిదండ్రుల యనుమతి లేక బాప్తిస్మ మీయరాదని కలదు. పెండ్లియైనవారి విషయమున భార్యకు భర్త, భర్తకు భార్య సమ్మతింపవలెనని కలదు. ఈ సంగతి ఇల్లాండ్రు తెలిసికొని యుండుట మంచిది. తెలియనివారు భయపడుదురు, తెలిసినవారు నిబ్బరముగా మాటాడుదురు.

మా మతములో మేము నిలుకడగా నున్నచో, పందొమ్మిదేండ్ల బాలుని మాటకు జంకనేల? మన యింటి పిల్లలకు మన పురాణములు, మన పండుగల యర్థములు మనము చెప్పి యున్నయెడల, ఇతడు చెప్పునది వారు కథవలె వినిపోదురు. మనము చెప్పక, పిల్లలనడుగనీక, ఆ లోటును తలుపుగడియతో పూడ్చ జూచుట వలనుపడదు. గడియ ఇంటికి గాని మనస్సునకు లేదు. ఇది ఆ బాలునకును వర్తించును. తన మాటలో బలమున్నదని నమ్మువాడు, కష్టములోనున్న వారికి ఆశ చూపియు, భయపెట్టియు చెప్పనక్కఱలేదు. అట్లు చెప్పువారు ఏ మతమువారైనను తలుపు వేయుట ధర్మమే.

కావున సోదరీమణులారా, అట్టి బాలుడు ఎవరితోడనైనను మీ గుమ్మమునకు వచ్చినయెడల మొదట మంచినీళ్లిండు. కాఫీ పెట్టకుడు, చల్లయో, కొబ్బరినీళ్లో, మన యూరి రోజ్‌మిల్కో ఇండు. కారము తగ్గించి పెట్టుడు. ఆవకాయ మొదటినాడే వడ్డించి వాని కండ్ల నీళ్లు చూచి నవ్వకుడు. అతడు తెలుగున తప్పు పలికిన దిద్దుడు, పరిహసింపకుడు. మత మేమని చెప్పబోయిన, వినుట కిష్టమున్న వినుడు. లేకున్న 'వద్దు బాబూ' యని ఒక్కమారు స్పష్టముగా చెప్పుడు. మొగమాటమునకు 'సరే' యనుట అతనికిని మేలు గాదు, మీకును మేలు గాదు. ఆ 'సరే'ను నమ్మి అతడు పదిమారులు ఎండలో నడచివచ్చును. పదియవమారు మీరు దాగుకొందురు. ఇదియా మర్యాద?

ఆతిథ్యము వేఱు, అంగీకారము వేఱు. ఈ రెండింటిని వేఱుచేసి పట్టుకొన నేర్చినది గృహిణి. మగవారు సభలలో వాదించి తేల్చుకొనలేని దానిని, మనము ఒక గ్లాసు మజ్జిగతో తేల్చగలము.

రెండేండ్లు నిండిన పిదప అతడు తన యూరికి పోవును. 'పెద్ద' యను బిరుదము పోయి, తల్లి పెట్టిన పేరు మరల వచ్చును. మన వీధులు, మన ఎండ, మన కరివేపాకు వాసన కొంతకాల మతని జ్ఞాపకమున నుండి, క్రమముగా కొంత మాయును. అతని తల్లి యొకనాడు వంటయింటిలో నిలిచి, 'నీ విచ్చటినుండి పోయిన క్రొత్తలో నిన్ను చూచుకొన్నవారెవరురా?' యని యడుగును. ఆ ప్రశ్నకు అతడు చెప్పు జవాబులో మన యూరి పేరుండును. అది యెట్టి స్వరమున పలుకబడునో నిర్ణయించునది అతని మతము గాదు, మన మతము గాదు. అతడు గడపలో బూట్లు విప్పుకొనుచున్నప్పుడు మనము చూపిన యోర్పే.